ట్రైలర్‌లో ప్లగ్గు కాలింది, బ్రేకర్ పడుతోంది: ప్రయాణం మానుకోవాలా?

టెక్సస్ నుంచి ఒక పాఠకురాలు రాసిన పొడుగాటి ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు కాబట్టి సంగతి మాత్రం చెబుతాను.

ఇండియా నుంచి అత్తమామలు ఆరు నెలల కోసం వచ్చారు. ఇద్దరికీ డెబ్బై దాటాయి. అత్తగారికి బయటి తిండి పడదు, ఎక్కడికెళ్ళినా తన వంట తనకి ఉండాలి. అందుకని భర్త మార్చిలో ఒక సెకండ్ హ్యాండ్ ట్రావెల్ ట్రైలర్ కొన్నారు. పికప్ వెనక తగిలించుకుని లాక్కెళ్ళేది, 26 అడుగులు, 30 ఆంప్స్ కనెక్షన్, కప్పు మీద ఒక ఏసీ. జూన్‌లో మొదటిసారి, ట్రైలర్లు నిలుపుకునే ఒక పార్కులో రెండు రాత్రులు ఉన్నారు. శుక్రవారం రాత్రి అంతా బాగుంది. శనివారం ఎండ 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటింది. సాయంత్రం అత్తగారు కాఫీకని ఎలక్ట్రిక్ కెటిల్ పెట్టారు. నీళ్ళు మరగకముందే బయట కరెంటు స్తంభం మీదున్న బ్రేకర్ పడిపోయింది. వెళ్ళి వేశారు. రైస్ కుక్కర్ పెడితే మళ్ళీ పడింది. మూడోసారి మాత్రం కొత్తగా ఏమీ పెట్టకుండానే పడింది. ఆ సాయంత్రమంతా ఏదో చేపల వాసన వస్తోందని అత్తగారు అంటూనే ఉన్నారట. పక్క సైటు వాళ్ళు వండుకుంటున్నారనుకున్నారు. ఆదివారం పొద్దున్న బయలుదేరే ముందు ప్లగ్గు లాగితే ఊడి రాలేదు. గట్టిగా లాగి చూస్తే ఒక పిన్ను గోధుమరంగుకి తిరిగి, చుట్టూ ప్లాస్టిక్ కరిగి ఉంది.

ఇంటికొచ్చి ట్యాంకులన్నీ ఖాళీ చేశారు. మర్నాడు లోపల సర్దుకోవడానికి ఏసీ కావాలని, గ్యారేజీ సాకెట్ నుంచి అడాప్టర్, 50 అడుగుల నారింజ రంగు ఎక్స్‌టెన్షన్ కార్డు వేసి కలిపారు. నిమిషంలో గ్యారేజీ బ్రేకర్ పడింది. మళ్ళీ వేస్తే నిలబడింది. గంట తర్వాత చూస్తే కార్డు చివర పట్టుకోలేనంత వేడి. ఆ రాత్రి వాన పడింది. పొద్దున్న ప్లగ్గు పెట్టగానే టెస్ట్, రీసెట్ బటన్లున్న ఆ సాకెట్ టక్కున ఆగిపోతోంది, లోపల ఏమీ వేయకపోయినా సరే.

మామగారు ముప్ఫై ఏళ్ళకి పైగా లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారు. కాలిన ప్లగ్గు చూసి "ఇది లూజు కాంటాక్టురా" అన్నారు. "ఇక్కడి సిస్టం వేరు నాన్నా" అని కొడుకు కొట్టిపారేశారు. పిన్నుని గరుకు కాగితంతో రుద్ది, కొత్త అడాప్టర్ ఆర్డర్ పెట్టారు. స్నేహితుడొకరు ఇంకో ఉపాయం చెప్పారట: ట్రైలర్ లోపలి 30 బ్రేకర్ తీసి 40 వేసుకుని, పార్కులో 50 ఆంప్స్ సాకెట్‌కి తగిలిస్తే ఇక పడదని. మూడు వారాల్లో గ్రాండ్ కాన్యన్ ప్రయాణం. ఈమె వద్దంటే "నీకు ప్రతిదానికీ టెన్షనే" అంటున్నారు. అత్తగారేమో తన కెటిల్ వల్లే ఇదంతా జరిగిందని ట్రైలర్‌లో స్విచ్చులు ముట్టుకోవడం మానేశారు. నేను అతిగా భయపడుతున్నానా, ప్రయాణం ఆపమని పట్టుబట్టాలా అన్నది ప్రశ్న.

అతిగా ఏం లేదమ్మా. కాకపోతే మీరు బ్రేకర్ పడటాన్ని చూసి ఎక్కువ భయపడ్డారు, ప్లగ్గు కాలడాన్ని చూసి మీ వారు తక్కువ భయపడ్డారు. ఇద్దరూ దీన్ని ఒకే జబ్బు అనుకుంటున్నారు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు నాలుగు కనిపించాయి, దేని మందు దానిదే.

మొదటిది శనివారం సాయంత్రం. అప్పుడు మీ ట్రైలర్‌లో ఏమేం నడుస్తున్నాయో లెక్క వేద్దాం. అలాంటి ట్రైలర్ల కప్పు మీద మామూలుగా ఉండే 13,500 బీటీయూ ఏసీ మండుటెండలో 13 ఆంప్స్ దాకా తీసుకుంటుంది. నీళ్ళ హీటర్ గ్యాస్ మీద కాక కరెంటు మీద ఉందని మీరే రాశారు, ఆ ఎలిమెంట్ సాధారణంగా 1,440 వాట్లు, అంటే 12 ఆంప్స్. ఫ్రిజ్ కరెంటు మీద 3. బ్యాటరీని చార్జ్ చేస్తూ లైట్లకి 12 వోల్టులు ఇచ్చే కన్వర్టర్ ఒకటి ఎక్కడో బెడ్డు కిందో అలమరలోనో ఉంటుంది, అది 4 ఆంప్స్ అనుకోండి. మొత్తం 32. అత్తగారు కెటిల్ ముట్టుకోకముందే మీరు 30 దాటేశారు. కెటిల్ 1,500 వాట్లయితే ఇంకో 12న్నర. 45 ఆంప్స్ దగ్గర 30 బ్రేకర్ పడిపోక ఏం చేస్తుంది? ఈ లెక్క ఆవిడకి కూడా చెప్పండి. ఆవిడ కెటిల్ చివర వచ్చింది కాబట్టి దొరికిపోయింది, అంతే. ఎవరికీ కనిపించకుండా అసలు కరెంటు తాగింది నీళ్ళ హీటరు.

ఇక్కడ మనవాళ్ళందరం తడబడే చోటు ఒకటుంది. అన్నే వాట్ల కెటిల్‌ని విజయవాడలో 230 వోల్టుల మీద పెడితే ఆరున్నర ఆంప్స్‌తో సరిపోతుంది. ఇక్కడ 120 వోల్టులే కాబట్టి అంతే వేడి నీళ్ళకి దాదాపు రెట్టింపు ఆంప్స్ కావాలి. గీజరు, మిక్సీ, కుక్కరు ఒకేసారి వేసుకుని బతికిన అలవాటు మనది. ట్రైలర్‌లో 30 ఆంప్స్ అంటే మొత్తం 3,600 వాట్లు. అందులోనూ మూడు గంటలకి మించి ఏకధాటిగా నడిచేవాటికి ఎనభై శాతమే వాడుకోవాలన్నది ఇక్కడి పద్ధతి, అంటే 24 ఆంప్స్. మన ఇళ్ళలో ఒక్క ఇన్వర్టర్ మీద ఇల్లంతా నడిపే రోజుల్లో ఏది వేయాలి, ఏది ఆపాలి అని చూసుకునేవాళ్ళం కదా, ట్రైలర్ బతుకు అలాంటిది.

రెండోది ప్లగ్గు. మీ మామగారు చెప్పిందే నిజం. ప్లగ్గు పిన్నుకీ, సాకెట్‌లోని స్ప్రింగు రేకుకీ మధ్య పట్టు సరిగ్గా లేకపోతే ఆ చోట కొంచెం రెసిస్టెన్స్ పుడుతుంది. ఓమ్‌లో ఇరవయ్యో వంతు ఉంటే చాలు, 30 ఆంప్స్ పారుతున్నప్పుడు ఆ ఒక్క చుక్క దగ్గర 45 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సాల్డరింగ్ ఐరన్‌ని ప్లగ్గులో దాచిపెట్టి స్విచ్చి వేసినట్టు. లోపల వోల్టేజీ తగ్గేది మాత్రం ఒకటిన్నర వోల్టే, ఏసీ, లైట్లు ఏవీ తేడా చూపించవు. ఆ చేపల వాసన వేడెక్కిన ప్లాస్టిక్‌ది. మీ ఇంట్లో ఆ సాయంత్రం పనిచేసిన అలారం మీ అత్తగారి ముక్కు ఒక్కటే.

ఇంత జరుగుతున్నా బ్రేకర్‌కి ఇది తెలియదు. బ్రేకర్ చూసేది ఎంత కరెంటు పారుతోందని. లూజు కాంటాక్టు వల్ల కరెంటు పెరగదు, వీసమెత్తు తగ్గుతుంది కూడా. 20 ఆంప్స్ మీద కూడా ప్లగ్గు నిదానంగా కాలగలదు, 30 బ్రేకర్ కదలకుండా చూస్తూ ఉంటుంది. అందుకే, బ్రేకర్ పడటం ఆగిపోతే సమస్య తీరినట్టేనన్న మీ వారి లెక్క నాకు మీ భయం కన్నా ఎక్కువ టెన్షన్ పెట్టింది.

ఈ రెండు జబ్బులూ కలిసే చోటు ఒకటే ఉంది, మూడోసారి బ్రేకర్ పడటం. ఆ బ్రేకర్లు లోపలి రేకు వేడెక్కి వంగడం వల్ల పనిచేసేవి. పక్కనే సాకెట్ కాలుతోంది, డబ్బా మీద ఎండ, అప్పటికే రెండుసార్లు పడి ఉంది. అంత వేడిలో 30 బ్రేకర్ 30 దాకా ఆగదు. అందుకే కొత్తగా ఏమీ పెట్టకుండానే పడింది.

మూడోది గ్యారేజీ కార్డు. దుకాణాల్లో చవగ్గా దొరికే నారింజ కార్డుల్లో చాలావరకు 16 గేజ్ తీగ ఉంటుంది. గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది, ఇది గుర్తుంచుకోండి. అలాంటి 50 అడుగుల కార్డులో ఏసీ నడిపితే 60 వాట్లకి పైగా కార్డులోనే వేడిగా పోతుంది, చుట్టచుట్టి పడేస్తే ఆ వేడి బయటికి పోయే దారి కూడా ఉండదు. పైగా 5 వోల్టులు తగ్గి ఏసీ మోటారు మూలుగుతుంది. మోటారుకి వోల్టేజీ తగ్గితే కరెంటు ఎక్కువ లాగుతుంది, అది ఇంకో వేడి. గ్యారేజీ నుంచి బ్యాటరీ చార్జింగు, ఫ్రిజ్ వరకు సరే, ఏసీ వద్దు. తప్పదంటే 10 గేజ్ కార్డు, పూర్తిగా విప్పి పరిచి, మరేదీ వేయకుండా.

నాలుగోది ఆ బటన్ల సాకెట్. జీఎఫ్‌సీఐ అంటారు, మన ఇళ్ళలో ఆర్‌సీసీబీకి తమ్ముడు లాంటిది. వెళ్ళిన కరెంటు తిరిగి రాకుండా 5 మిల్లీఆంప్స్ ఎర్త్‌లోకి జారినా ఆగిపోతుంది. దానికి లోడుతో పనిలేదు. వాన పడింది కాబట్టి మొదటి అనుమానం కార్డు, అడాప్టర్ కలిసే చోట తడి మీదే. ఆరబెట్టి చూడండి. కానీ మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను: "ట్యాంకులన్నీ ఖాళీ చేశారు." నీళ్ళ హీటర్ ట్యాంకు కూడా ఖాళీ చేసి, దాని కరెంటు స్విచ్చి ఆపడం మర్చిపోలేదు కదా? నీళ్ళు లేకుండా ఎలిమెంట్‌కి కరెంటు అందితే క్షణాల్లో మాడిపోతుంది. మర్నాడు మొదట గ్యారేజీ బ్రేకర్ పడి, మళ్ళీ వేస్తే నిలబడిందన్నారు. ఏసీ, హీటరు కలిసి లాగి పడేసి ఉంటాయి, ఈలోపు ఎలిమెంట్ కాలి తెగి ఉంటుంది, ఆ తర్వాత ఏసీ ఒక్కటే మిగిలింది. కాలిన ఎలిమెంట్ చీలి ఎర్త్‌కి కరెంటు కారడం ట్రైలర్లలో చాలా మామూలు. చూడకుండా ఖాయంగా చెప్పలేను గాని, నేనైతే ముందు అక్కడే చూస్తాను. స్విచ్చి ఆపి, హీటర్ బ్రేకర్ కూడా ఆపి చూడండి. అప్పటికీ ఆ సాకెట్ ఆగిపోతుంటే, బ్రేకర్ ఫేజు తీగనే విడదీస్తుంది, న్యూట్రల్‌ని కాదు కాబట్టి, ఎలిమెంట్ నుంచి రెండు తీగలూ విప్పి చూస్తే గాని తేలదు. తడి, హీటరు రెండూ కాకపోతే, ట్రైలర్ డబ్బాలో న్యూట్రల్, ఎర్త్ ఎక్కడో కలిసి ఉండొచ్చు. ఇంట్లో మెయిన్ దగ్గర ఆ రెండూ కలుపుతారు, ట్రైలర్ లోపల కలపకూడదు. పాత యజమాని చేతిపని ఏదైనా ఉంటే బయటపడేది ఇక్కడే.

ఇప్పుడు ఆ 40 బ్రేకర్ ఉపాయం. ఫ్యూజు పదేపదే పోతోందని తీగ రెండు పోగులు వేసిన ఇళ్ళు మీ మామగారు ఎన్ని చూసి ఉంటారో అడగండి. మీ ట్రైలర్ కార్డు, లోపలి తీగ, సాకెట్ పిన్నులు అన్నీ 30కి చేసినవి. 50 సాకెట్ వెనకున్న బ్రేకర్ 50 దాకా ఊరుకుంటుంది. లోపలి 30 బ్రేకర్ ఒక్కటే అప్పుడు మీ కార్డుకి కాపలా. దాన్ని కూడా 40 చేస్తే ఆ కార్డుని ఆపేవాళ్ళు ఎవరూ లేరు. మూడింట ఒక వంతు కరెంటు పెరిగితే కాంటాక్టు దగ్గర వేడి రెట్టింపుకి దగ్గరగా పోతుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం మీరు పట్టుబట్టండి.

కానీ ఆ స్నేహితుడి మాటలో సగం పనికొస్తుంది. లోపలి 30 అలాగే ఉంచి, 50 నుంచి 30కి మార్చే అడాప్టర్ ఒకటి దగ్గర పెట్టుకోవడం మంచిదే. పార్కుల్లో 30 సాకెట్లు ఏళ్ళ తరబడి వేలమంది పెట్టి తీసి అరిగిపోయి ఉంటాయి, 50 సాకెట్ పిన్నులు పెద్దవి, పట్టు గట్టిగా ఉంటుంది. ఖాళీగా ఉంటే దానికి తగిలించుకోవచ్చు.

ప్లగ్గు సంగతి ఏం చేయాలి? మీ ముందు మూడు దారులున్నాయి. గరుకు కాగితంతో రుద్ది అలాగే వాడటం ఒకటి, మీ వారు ఎంచుకున్నది. పైన నలుపు పోతుంది, కానీ వేడికి చుట్టూ ప్లాస్టిక్ కరిగి పిన్ను కదిలిపోయింది, వెనక తీగ బిగింపు కూడా మెత్తబడి ఉంటుంది. ఇంకో మాట: కాలిన ప్లగ్గుని మంచి సాకెట్‌లో పెడితే దాని స్ప్రింగుని పాడుచేస్తుంది, కాలిన సాకెట్ కొత్త ప్లగ్గుని పాడుచేస్తుంది. గజ్జిలా అంటుకుంటూ పోతుంది. నేనూ ఒకప్పుడు రెండు అడాప్టర్లు కాల్చుకున్నాకే నా ప్లగ్గు వంక చూశాను, కాబట్టి మీ వారిని మరీ తప్పుపట్టను. రెండో దారి, ప్లగ్గు తల ఒక్కటే కోసి స్క్రూలతో బిగించే కొత్త తల వేయడం. ఖర్చు తక్కువ, కానీ తీగని వెనక్కి కోసుకుంటూ పోయి రాగి తళతళలాడేదాకా రావాలి. అడుగు కోసినా రాగి నల్లగానే ఉంటే ఆ కార్డు వదిలేయండి. మూడోది కార్డు మొత్తం కొత్తది కొనడం. మీ కార్డు ట్రైలర్ గోడకి తిప్పి బిగించే రకమైతే ఈ మూడో దారే నయం. ఎందుకంటే ఆ తిప్పే చివర కూడా ఇంతే తరచుగా కాలుతుంది, అది ఎవరూ చూడరు. గోడ వైపు పిన్నులు, వాటి వెనక స్క్రూలు కూడా విప్పి చూడాలి. మూడు వారాల గడువు, ఇద్దరు పెద్దవాళ్ళు లోపల, అంటే నేను కొత్త కార్డే కొంటాను.

పాత ప్లగ్గు, కాలిన అడాప్టర్ ఉంటే అవి, కత్తెరతో కోసి పారేయండి. మనం పారేయం. గ్యారేజీలో అట్టపెట్టెలో దాస్తాం. రెండేళ్ళ తర్వాత ఎవరో అవసరానికి తీస్తారు.

ట్రైలర్ రోడ్డు మీద ఊగుతూ పోతుంది కాబట్టి లోపలి కరెంటు డబ్బాలో స్క్రూలు వదులవుతాయి. సెకండ్ హ్యాండ్ అన్నారు, ఎన్నేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదో. బ్రేకర్ల స్క్రూలు, తెల్లతీగల పట్టీ, జెనరేటర్ ఉంటే దాని మార్పిడి స్విచ్చి, ఇవన్నీ ఒకసారి బిగించాలి. దీన్ని ఇంటికొచ్చి ఇలాంటి ట్రైలర్లు బాగుచేసే ఆర్‌వీ మెకానిక్‌తో చేయిస్తే గంటకి వంద డాలర్లకి పైగానే పుచ్చుకుంటాడు గాని, అదే రాకలో నీళ్ళ హీటర్ ఎలిమెంట్ కూడా చూపించుకోవచ్చు. మీ వారు తనే చేస్తానంటే అదీ కాని పని కాదు. బయట ప్లగ్గు పూర్తిగా పీకేసి, జెనరేటర్, ఇన్వర్టర్ ఉంటే ఆపి, బ్యాటరీ తీగ విప్పాకే డబ్బా మూత తీయాలి.

మామగారి చేయి పడితే బాగుంటుందని మీరు రాశారు. నాకూ అలాగే అనిపించింది, లూజు కాంటాక్టుని ఆయన కన్నా బాగా కనిపెట్టేవాళ్ళు మీ ఇంట్లో లేరు. కాకపోతే ఒక్క జాగ్రత్త. ఆయన పనిచేసిన రోజుల్లో మన దగ్గర ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్. ఇక్కడ ట్రైలర్‌లో నలుపే ఫేజు. తెలుపు న్యూట్రల్, ఆకుపచ్చదో ఒట్టి రాగి తీగో ఎర్త్. పైగా 12 వోల్టుల వైరింగ్‌లో నల్లది పాజిటివ్‌గా ఉండటం కూడా మామూలే. ముప్ఫై ఏళ్ళుగా నల్లతీగ అంటే భయం లేని చేయి అలవాటు కొద్దీ అటే వెళుతుంది. ఒక కాగితం మీద రంగులు రాసి డబ్బా మూతకి అతికించండి. టార్చి ఆయన పట్టుకుని చెబితే కొడుకు స్క్రూ తిప్పనివ్వండి. "ఇక్కడి సిస్టం వేరు" అన్న మాటలో నిజమున్నది ఈ రంగుల దగ్గరే. మిగతాదంతా అదే కరెంటు.

గోడల్లో ఉండే చిన్న సాకెట్ల గురించి కూడా ఒక మాట. ట్రైలర్లలో చాలావాటికి వెనక డబ్బా ఉండదు, తీగని రెండు బ్లేడుల మధ్య నొక్కి వదిలేస్తారు. ఫోన్ చార్జర్‌కి సరిపోతాయి. చలికాలంలో 1,500 వాట్ల హీటర్ రాత్రంతా దానికి పెట్టి పడుకోవద్దు.

వోల్టేజీ, వైరింగు తప్పులు చూసి ప్రమాదమైతే కరెంటు ఆపేసే ఈఎంఎస్ పెట్టె కొనాలా అని అడిగారు. చవకైన సర్జ్ ప్రొటెక్టర్ పిడుగులాంటి ఎదురు దెబ్బకి మాత్రమే. ఈఎంఎస్ ఖరీదెక్కువ, కానీ వేసవి సాయంత్రాలు పార్కంతా ఏసీలు వేసినప్పుడు వోల్టేజీ 105 కిందకి జారితే తనే తెంచేస్తుంది, మీ ఏసీ మోటారు బతుకుతుంది. ఎర్త్ లేని స్తంభాన్ని కూడా పట్టేస్తుంది. ట్రైలర్ మెట్టు ముట్టుకుంటే జివ్వుమనేది అలాంటి చోటే. ప్లగ్గు లూజుని మాత్రం చాలా మోడళ్ళు పట్టలేవు. కాబట్టి డబ్బు కొద్దిగానే ఉంటే ముందు కార్డు, తర్వాత ఎలిమెంట్, ఆ తర్వాత ఈ పెట్టె. ఏసీ సాఫ్ట్ స్టార్ట్ అని అమ్మేది మొదలయ్యేటప్పటి కుదుపుని తగ్గిస్తుంది, నడిచే కరెంటుని కాదు. మీ సమస్యకి అది మందు కాదు.

ఇంటి దగ్గర 30 సాకెట్ పెట్టించాలనుకుంటే పెట్టించుకోండి, బాగుంటుంది. కానీ ఎలక్ట్రీషియన్‌కి "30 ఆంప్స్, 120 వోల్టులు, టీటీ-30" అని రాసివ్వండి (టీటీ-30 అంటే ట్రైలర్ సాకెట్ రకం పేరు), పని అయ్యాక మీటర్ పెట్టి మీ కళ్ళముందు 120 చూపించమనండి. ఇళ్ళలో 30 ఆంప్స్ అనగానే బట్టలారబెట్టే డ్రైయర్ గుర్తొచ్చి 240 ఇచ్చేవాళ్ళు తరచూ తగులుతారు. ఒక్కసారి ప్లగ్గు పెడితే మైక్రోవేవ్, కన్వర్టర్, టీవీ అన్నీ వరసగా పోతాయి.

ప్రయాణం సంగతి. పూర్తిగా మానుకోవడం ఒక దారే. దానివల్ల మీకు నిద్ర పడుతుంది, కానీ కాలిన ప్లగ్గు అలాగే ఉంటుంది, "నువ్వే చెడగొట్టావు" అన్న మాట మిగులుతుంది. కార్డు, ఎలిమెంట్, స్క్రూల పని అయ్యాక ఇంటికి గంట దూరంలో ఒక రాత్రి ఉండి చూసి, అది సవ్యంగా ఉంటేనే పెద్ద ప్రయాణం అనడం రెండో దారి, నాకు ఇదే ఇష్టం. మీ వారికి ఇది కాదనడం కూడా కష్టం, మీరు వద్దనడం లేదు కదా. ఆ రాత్రి కూడా బ్రేకర్ పడితే ట్రైలర్ ఇంట్లో వదిలి, వంటగది ఉన్న గదులు తీసుకుని కారులో వెళ్ళొచ్చు. అది ఖర్చే, కానీ అత్తగారి వంట ఆగదు.

వెళితే గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు 7,000 అడుగుల ఎత్తు, జూలైలో కూడా రాత్రులు చల్లగా ఉంటాయి, ఏసీ అంతగా అక్కర్లేదు. ఆ జాతీయ పార్కు లోపల ట్రైలర్‌కి కరెంటు కనెక్షన్ ఉన్నది ట్రెయిలర్ విలేజ్‌లోనే, మేథర్ క్యాంపులో ఉండదు. మీ బుకింగ్ ఎందులో ఉందో చూసుకోండి. కష్టమంతా దారిలో, ఎండలో ఆగే రాత్రులది. అప్పుడు నీళ్ళ హీటరు, ఫ్రిజ్ గ్యాస్ మీదకి మార్చండి. ఇక ఏసీ 13, కన్వర్టర్ 4, మొత్తం 17. రైస్ కుక్కర్ దర్జాగా పెట్టుకోవచ్చు. మైక్రోవేవ్ వేసే అయిదు నిమిషాలు ఏసీ ఆపితే ఎవరూ ఉడికిపోరు. అత్తగారి కాఫీకి గ్యాస్ స్టవ్ ఉంది, పైన ఫ్యాను వేసి కిటికీ కొంచెం తీసి ఉంచితే చాలు. కెటిల్ లోపల పెట్టేయమని కాదు, ఏసీ లేని పొద్దుటి పూట హాయిగా వాడుకోవచ్చు.

పార్కులో దిగగానే స్తంభం సాకెట్‌లోకి టార్చి వేసి చూడండి. గోధుమరంగు మచ్చలున్నా, ప్లగ్గు ఏ పట్టూ లేకుండా జారిపోతున్నా వేరే సైటు అడగండి, మొహమాటపడొద్దు. బ్రేకర్ ఆపి ప్లగ్గు పెట్టాలి, తర్వాతే వేయాలి. తీసేటప్పుడు ముందు లోపల ఏసీ ఆపి, తర్వాత బ్రేకర్ ఆపాలి. లోడు మీద లాగితే వచ్చే ఆ మెరుపు ప్రతిసారీ పిన్నుని కొంచెం కొరుకుతుంది. ఏసీ వేసిన అరగంటకి వెళ్ళి అరచేయి వెనకవైపుతో ప్లగ్గుని తాకండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చేయి ఆనించి ఉంచలేకపోతే అప్పుడే ఆపేయండి, రాత్రి ఎంత ఉక్కగా ఉన్నా సరే. ఈ పని మామగారికి అప్పగిస్తే రోజుకి నాలుగుసార్లు చూసొస్తారని నా నమ్మకం.

ఇక మీరు చివర్లో అడిగింది, రాత్రి నిద్రపోవచ్చా అని. కార్డు మార్చి, పొగ అలారం బటన్ నొక్కి మోగుతోందో లేదో చూసుకున్నాక పడుకోండి. తలుపు దగ్గర మంటలార్పే సీసా ఉంటుంది, దాని సూది పచ్చగీతలో ఉండాలి. ట్రైలర్‌కి తలుపు ఒక్కటే అయితే, పడకగదిలో ఎర్ర పిడులున్న కిటికీ ఒకటి ఉంటుంది, బయటికి దూకడానికి. ఏళ్ళ తరబడి ఎవరూ తీయక దాని రబ్బరు ఫ్రేముకి అతుక్కుపోతుంది. బయలుదేరే ముందు రోజు అత్తగారినీ మామగారినీ అక్కడ కూర్చోబెట్టి, వాళ్ళ చేతులతోనే ఒకసారి తీయించండి.